ఆ లింకు ఎందుకిచ్చారో కూడా రాయండి: ఎస్ఈఓ ఏజెన్సీలకు ఒక బహిరంగ లేఖ

లింక్ బిల్డింగ్ ప్యాకేజీలు అమ్మే ఏజెన్సీల నిర్వాహకులకు, వాటిలో ఎస్ఈఓ పని, అంటే సైట్లను సెర్చ్ ఫలితాల్లో పైకి తెచ్చే పని చేసే మిత్రులకు,

నమస్కారం.

మీరు నెలాఖరున క్లయింట్లకు పంపే బ్యాక్‌లింకుల (వేరే సైట్ల నుంచి క్లయింటు సైటుకు వచ్చే లింకుల) రిపోర్టు గురించి ఈ ఉత్తరం. కంపెనీల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని కాబట్టి అలాంటి రిపోర్టులు తరచూ నా ముందుకొస్తుంటాయి. ఏజెన్సీ మారినా షీటు మాత్రం మారదు. వరుస సంఖ్య, లింకు పెట్టిన పేజీ అడ్రసు, డీఏ (ఆ సైటు బలానికి ఒక కంపెనీ వేసే అంకె), యాంకర్ టెక్స్ట్ (లింకు మీద కనిపించే మాటలు), డూఫాలోనా నోఫాలోనా (మామూలు లింకా, లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్లకు గుర్తు పెట్టినదా), లైవ్ అయిన తేదీ. గడులన్నిటికీ పచ్చరంగు, అడుగున టోటల్. ఆ షీటులో ఇంకొక్క గడి కలపమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను. దానికి 'ఎందుకిచ్చారు' అని పేరు పెట్టండి. అవతలి సైటువాళ్లు మన పేజీకి ఎందుకు లింకిచ్చారో ఒక్క వాక్యంలో, ఉన్నదున్నట్టు రాయండి.

'వాళ్ల వ్యాసంలో చెప్పిన లెక్కకు మన పట్టికే ఆధారం కాబట్టి' అని రాయగలిగారా, మంచిది. 'డబ్బిచ్చాం కాబట్టి' అయితే అది ప్రకటన, ప్రకటనల ఖర్చులో వేసుకుంటాం. 'ఆ సైటు కూడా మాదే కాబట్టి' అని రాయాల్సివస్తే ఆ వరుస తీసేయండి. క్వాలిటీ బ్యాక్‌లింక్ అంటే ఏమిటో వివరించే ప్రజెంటేషన్లు మీ దగ్గర చాలా ఉన్నాయి. అవన్నీ కలిపి చెప్పేదాని కంటే ఈ ఒక్క గడి ఎక్కువ చెబుతుంది.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, అసలు లింకుకు విలువ వచ్చిందే ఆ 'ఎందుకు' వల్ల. 1990ల మధ్యలో సెర్చ్ ఇంజిన్లు చాలామటుకు పేజీలో ఏ మాట ఎన్నిసార్లు ఉందో చూసి వరుసలు కట్టేవి. అంటే పేజీ యజమాని తన గురించి తాను చెప్పుకున్నదే సాక్ష్యం. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దాన్ని తిరగేశారు. పరిశోధన పత్రాల్లో ఒకరి పనిని ఇంకొకరు ఉదహరించినట్టే వెబ్‌లో లింకులూ ఉంటాయి కదా, ఒక పేజీ గురించి మిగతావాళ్లు ఏమనుకుంటున్నారో వాటిని బట్టి చూద్దాం అన్నారు. 1998లో వాళ్లు ప్రచురించిన పత్రంలో పేజ్‌ర్యాంక్ లెక్క ఉంది. తోచిన లింకు నొక్కుకుంటూ పోయే ఒక మనిషిని ఊహించుకోండి. మామూలుగా వాళ్లు తీసుకున్న అంకె 0.85. అంటే నూటికి 85 వంతులు అతను ఆ పేజీలోని ఏదో ఒక లింకు నొక్కుతాడు, మిగతా 15 వంతులు విసుగొచ్చి సంబంధం లేని ఇంకో పేజీకి గెంతుతాడు. అలా తిరుగుతూ ఉంటే అతను ఏ పేజీలో ఎంత తరచుగా తేలతాడో అదే ఆ పేజీ ర్యాంకు.

ఈ లెక్కలో రెండు సంగతులు మీ షీటుకు నేరుగా తగులుతాయి. పేజీ తనకున్న విలువను తనలోని లింకులన్నిటికీ పంచుతుంది. కాబట్టి వందల లింకులున్న డైరెక్టరీ పేజీలో మన వాటాకు మిగిలేది ఎంతో మీకే తెలుసు. రెండోది, ఆ పేజీకే ఎవరూ లింకు ఇవ్వకపోతే పంచడానికి దాని దగ్గరా పెద్దగా ఏమీ ఉండదు. ఆ తర్వాత గూగుల్ 2004లో దరఖాస్తు చేసుకుని 2010లో పొందిన ఒక పేటెంట్ ఇంకో మెట్టు ఎక్కింది. జనం అన్ని లింకులూ సమానంగా నొక్కరు, వ్యాసం మధ్యలో కంటికి కనిపించే లింకుకు అవకాశం ఎక్కువ, అడుగున చిన్న అక్షరాల్లో పడి ఉన్నదానికి తక్కువ, కాబట్టి వాటి బరువు కూడా వేరువేరుగా ఉండాలి అని దాని సారాంశం. పేటెంట్ తీసుకున్నంత మాత్రాన అదంతా అలాగే వాడుతున్నారని అనలేం. కానీ ఆలోచన ఎటు నడుస్తోందో తెలుస్తోంది కదా: మనిషి నిజంగా నొక్కే లింకు వైపు.

ఇప్పుడు మీ రిపోర్టులో ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఇలాంటివి మీకు కొత్తేమీ కాదు. డీఏ గడిలో 60 పైచిలుకు అంకె. పేజీ తెరిస్తే పైన మెనూలో ఆరోగ్యం, టెక్నాలజీ, ఇంటి అలంకరణ, క్రిప్టో, పెంపుడు జంతువులు, న్యాయ సలహాలు. పక్కనే 'మా కోసం రాయండి' అనే బటన్. రచయిత పేరు 'అడ్మిన్'. వ్యాసం రాత్రిళ్లు నిద్ర బాగా పట్టాలంటే ఏం చేయాలన్న దాని మీద. మూడు పేరాలు బాగానే నడుస్తాయి. నాలుగో పేరాలో ఉన్నట్టుండి 'పని ఒత్తిడి కూడా నిద్రను దెబ్బతీస్తుంది కాబట్టి ఎందరో వ్యాపారులు మంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు' అని ఒక వాక్యం ఊడిపడుతుంది. 'మంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్' కింద నీలం గీత. ఆ వెంటనే మళ్లీ దిండు ఎంత ఎత్తుండాలన్న చర్చ. నిద్ర పట్టనివాడు ఆ పేజీకొచ్చి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుని హాయిగా పడుకుంటాడని మీరూ అనుకోరు, నేనూ అనుకోను.

ఆ సైటు హోం పేజీ నుంచి ఈ వ్యాసానికి దారి వెతికితే దొరకదు. పెట్టిన కొత్తలో కేటగిరీ పేజీలో కనిపించి, తర్వాత వచ్చి పడిన వ్యాసాల కింద కూరుకుపోయి ఉంటుంది. బయటినుంచి దానికి ఒక్క లింకూ ఉండదు. కొన్నిసార్లు వ్యాసం శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికినా గూగుల్‌లో రాదు. చాలాసార్లు దానర్థం అది ఇండెక్స్‌లోకే ఎక్కలేదని. గూగుల్ దాచుకోవడానికి కూడా ఇష్టపడని పేజీలో లింకు కోసం క్లయింటు బిల్లు కట్టాడన్నమాట. పక్క వ్యాసాలు తెరిచి చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో అతుకు: ఒకదాంట్లో అప్పులిచ్చే యాప్, ఇంకోదాంట్లో ఆన్‌లైన్ జూదం. మన క్లయింటును ఎవరి సరసన నిలబెట్టారో ఆ 60 అంకె చెప్పదు. మరి ఈ వరుసకు 'ఎందుకిచ్చారు' గడిలో ఏం రాస్తారు?

ఆ అంకె సంగతి కూడా ఒకసారి మాట్లాడుకోవాలి. డీఏ, అంటే డొమైన్ అథారిటీ, మాజ్ అనే కంపెనీ తన టూల్ కోసం తయారుచేసుకున్న కొలత. డీఆర్ అనేది అహ్రెఫ్స్ కంపెనీది. రెండూ 100 లోపు అంకెలే, రెండూ ఆయా కంపెనీల సొంత అంచనాలే. గూగుల్ తన ర్యాంకింగులో వీటిని వాడదు. రెండు సైట్లను పక్కపక్కన పెట్టి పైపైన పోల్చుకోవడానికి పనికొస్తాయి, అంతవరకు మంచివే. కానీ వాటిని రేటు కార్డులా వాడటం మొదలయ్యాక ఆ అంకెను పెంచిపెట్టడమే వేరే వ్యాపారమైంది. గడువు తీరిన పాత డొమైన్లు కొని వాటిని ఆ సైటుకు రీడైరెక్ట్ చేస్తారు, అంటే దారి మళ్లిస్తారు, చెత్త లింకులు గుట్టలుగా గుప్పిస్తారు, అంకె పైకి లేస్తుంది. ఆ సైటుకు సెర్చ్ నుంచి వచ్చే పాఠకులు మాత్రం పెరగరు.

ఈ కథ ఒకసారి జరిగిపోయిందే. గూగుల్ 2000లో తన టూల్‌బార్‌లో ఆకుపచ్చ పట్టీ పెట్టి ప్రతి పేజీకీ పేజ్‌ర్యాంక్ ఎంతో పదికి ఇన్ని అని చూపించింది. కంటికి కనిపించే అంకె దొరగ్గానే దానికో ధర పుట్టింది, సంత మొదలైంది. చివరికి 2016లో దాన్ని జనానికి చూపించడమే మానేశారు. తీసేసిన ఆ పట్టీ స్థానంలోకి మనం డీఏను తెచ్చి కూర్చోబెట్టుకున్నాం.

'అందరూ చేసేదే కదా, మా క్లయింట్లలో ఎవరికీ పెనాల్టీ పడలేదు' అని మీలో కొందరు అంటారు. పెనాల్టీలు పడ్డ రోజులూ ఉన్నాయి. 2011 ఫిబ్రవరిలో జేసీ పెన్నీ అనే అమెరికా దుకాణాల సంస్థ గుట్టును న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ దుకాణాల సంస్థ సంబంధం లేని వేల పేజీల్లో లింకులు పెట్టించుకుని దుస్తుల నుంచి పరుపు దుప్పట్ల దాకా ఎన్నో మాటలకు మొదటి స్థానంలో కూర్చుంది. వార్త వచ్చే నాటికే గూగుల్ దాన్ని కిందికి దించేసింది. మరుసటి ఏడు జనవరిలో గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజర్ పేజీనే శిక్షించుకోవాల్సి వచ్చింది. డబ్బులిచ్చి రాయించిన పోస్టుల్లో ఆ పేజీకి మామూలు లింకు దొర్లింది, అంతే. 2013లో బ్రిటన్‌లో పూలు అమ్మే ఇంటర్‌ఫ్లోరా అయితే తన సొంత పేరుతో వెతికినా కనిపించకుండా పోయింది, కొన్ని రోజుల పాటు. ఈ మధ్యలోనే, 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ వచ్చింది, చెత్త లింకుల లాంటి మోసాలను పట్టడానికి గూగుల్ తెచ్చిన మార్పు అది. ఇంగ్లిష్‌లో జరిగే వెతుకులాటల్లో సుమారు 3.1 శాతం మీద దాని ప్రభావం ఉంటుందని గూగులే చెప్పింది. ఆ దెబ్బకు సెర్చ్ నుంచి వచ్చే జనాన్ని పోగొట్టుకున్న వ్యాపారాలు ఉన్నాయి.

ఇప్పుడు అంత గోల లేదు, నిజమే. ఎందుకు లేదో చూడండి. 2016 సెప్టెంబరులో పెంగ్విన్‌ను గూగుల్ తన ప్రధాన అల్గారిదంలో కలిపేసింది. అప్పటినుంచి చెత్త లింకు కనిపిస్తే చాలావరకు సైటును కిందికి తొయ్యదు, ఆ లింకును లెక్కలోంచి తీసేస్తుంది. 2022 డిసెంబరులో ఈ పనికి స్పామ్‌బ్రెయిన్ అనే తన ఏఐ వ్యవస్థను దింపింది. లింకులు కొనేవాళ్లనే కాదు, అమ్ముకోవడానికే పుట్టిన సైట్లను కూడా అది పట్టుకుంటుందని ప్రకటించింది. చెత్త లింకుల వల్ల వచ్చిన లాభాన్ని ఒకసారి తీసేశాక అది మళ్లీ తిరిగి రాదని కూడా గూగుల్ స్పష్టంగా రాసిపెట్టింది. కాబట్టి 'పెనాల్టీ పడలేదు' అన్నది ఇవాళ ఏమీ రుజువు చేయదు. క్లయింటు నెలనెలా కట్టిన డబ్బు చప్పుడు లేకుండా సున్నాలో కలిసిపోతుంది, రిపోర్టులో మాత్రం గడులు పచ్చగానే ఉంటాయి. నాకు పెనాల్టీ కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. పెనాల్టీ పడితే సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో నోటీసైనా వస్తుంది.

ఇక్కడే ఇంకో మాట, కాస్త కోపంగానే. ఒకవైపు ఇలాంటి లింకులు అమ్ముతూ, ఇంకోవైపు 'మీ సైటుకు ఇన్ని టాక్సిక్ లింకులున్నాయి, వెంటనే డిసావో చేయించకపోతే ప్రమాదం' అని ఎర్రరంగు రిపోర్టులు పంపేవాళ్లు మీలో ఉన్నారు. డిసావో అంటే ఫలానా లింకులను లెక్కించొద్దని గూగుల్‌కు చెప్పుకోవడం. ఆ టూల్‌ను గూగుల్ 2012 అక్టోబరులో ఇచ్చింది. చాలా సైట్లకు దాని అవసరమే రాదని ఆ టూల్ పేజీలోనే రాసి ఉంది. డబ్బిచ్చి పెట్టించిన లింకుల వల్ల మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) పడ్డవాళ్లకు, పడేలా ఉన్నవాళ్లకు అది అక్కరకొస్తుంది. ప్రతి సైటుకూ ఎక్కడెక్కడి నుంచో పిచ్చి లింకులు వచ్చి తగులుకుంటూనే ఉంటాయి, గూగుల్ వాటిని పట్టించుకోదు. 'టాక్సిక్ స్కోర్' అనేది టూల్ కంపెనీలు పెట్టుకున్న పేరు. క్లయింటుకు లేనిపోని టెన్షన్ పెట్టి, ఆ కంగారులో ఉన్న మంచి లింకులు కూడా డిసావో ఫైల్లో పడేస్తే అసలుకే ఎసరు.

అయితే లింకులే వద్దంటున్నానా? లేదు. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల పేజీలో లింకులు 'ముఖ్యమైన' అంశం అన్న చోట 'ముఖ్యమైన' తీసేసి ఒక అంశం అని మార్చింది. అంటే ఒకప్పటంత బరువు లేదనే అర్థం. బరువు తగ్గినా లింకు ఇంకా పనిచేస్తుంది. ముఖ్యంగా ఎవరికీ తెలియని కొత్త సైటును, దాని విషయం తెలిసినవాళ్లు నాలుగు చోట్ల ప్రస్తావిస్తే తేడా కనిపిస్తుంది. అలాంటి లింకులు తెచ్చే పనికి క్లయింటు చేత ఎంతైనా ఖర్చు పెట్టించడానికి నేను సిద్ధం. ఆ పని ఎలా ఉంటుందో మీకు తెలియదని కాదు. మీ ప్యాకేజీలో దానికి చోటు లేదు, అదీ ఇబ్బంది.

మొదట ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఏ పాత సైటునైనా తీసుకోండి, డిజైన్ మార్చినప్పుడో, ప్లాట్‌ఫాం మార్చినప్పుడో కొన్ని పేజీల అడ్రసులు మారిపోయి ఉంటాయి. వాటికి బయటివాళ్లు ఏనాడో ఇష్టపడి ఇచ్చిన లింకులు ఇప్పుడు 'పేజీ లేదు' అని చెప్పే 404 పేజీకి వెళ్లి ఆగిపోతుంటాయి. సెర్చ్ కన్సోల్‌లో లింకుల రిపోర్టు తీసి, అందులో అన్నీ కనిపించవు కాబట్టి ఇంకో టూల్ జాబితా కూడా పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అడ్రసూ తెరిచి చూడాలి. చచ్చిన ప్రతి పేజీనీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయాలి, అంటే శాశ్వతంగా దారి మళ్లించాలి. బద్ధకించి అన్నిటినీ హోం పేజీకి తిప్పేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 కింద, అంటే లేని పేజీల్లాగే చూసే అవకాశం ఉంది, అప్పుడు చేసిందంతా వృథా. రీడైరెక్ట్‌లను కనీసం ఒక ఏడాదైనా ఉంచమని గూగుల్ సలహా, వీలైతే ఎప్పటికీ ఉంచండి. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు, ఇప్పటికే మనవైన లింకులు మనకు తిరిగొస్తాయి. నేను చూసిన ప్యాకేజీల్లో ఈ పని ఉన్నది చాలా అరుదు, ఎందుకంటే దీన్ని కొత్త లింకుల టోటల్‌లో చూపించడం కుదరదు.

పేరు రాసి లింకు ఇవ్వడం మరిచిపోయిన చోట్లు కూడా ఇలాంటివే. కంపెనీ పేరుతోనో, వాళ్లు గీసిన బొమ్మతోనో వెతికితే కొన్ని దొరుకుతాయి. 'ప్రస్తావించినందుకు సంతోషం, మా పేజీకి దారి ఇస్తే మీ పాఠకులకు వీలుగా ఉంటుంది' అని మర్యాదగా రాస్తే ఇచ్చేవాళ్లు ఇస్తారు.

చచ్చిన లింకుల పని, అంటే ఇతరుల పేజీల్లో తెరుచుకోని లింకులు చూపించి వాటి చోట మన లింకు పెట్టమని అడిగే పని గురించి మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని బాగా పాడుచేశారు. వెబ్ ఎంత వేగంగా రాలిపోతోందో ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2024లో లెక్క తీసింది. 2013లో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదు. వికీపీడియాలో 54 శాతం పేజీల ఆధారాల్లో కనీసం ఒక్క చచ్చిన లింకు ఉంది. అంటే మంచి మంచి పేజీల నిండా చిల్లులున్నాయి, వాటిని చూసుకునేవాళ్లకు ఆ సంగతి తెలియదు. అది చెప్పడం నిజంగా సాయం. కానీ మీ టూల్ ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి వందలమందికి పంపుతుంది: 'హాయ్, మీ అద్భుతమైన వ్యాసం చదివాను...' అని. ఏ వ్యాసం? అందులో ఏం బాగుంది? చదవలేదని మొదటి లైనులోనే తెలిసిపోతుంది. వారం తిరక్కుండా 'నా మెయిల్ చూశారా' అని ఒకటి, దాని తర్వాత ఇంకొకటి.

నేనైతే ఇలా రాస్తాను. క్లయింటు దగ్గర గది కొలతలిస్తే ఎంత రంగు పడుతుందో చెప్పే కాలిక్యులేటర్ ఉందనుకుందాం. ఇంటి పనులు నేర్పే ఒకరి సైటులో ఉపయోగపడే లింకుల పేజీ ఉంది. వాళ్లకు రాసే ఉత్తరం ఇది: 'గోడలు' అన్న భాగంలో మీరిచ్చిన మూడో లింకు తెరుచుకోవడం లేదండి, ఆ సైటు మూతపడినట్టుంది. పాత పేజీ నకలు వెబ్ ఆర్కైవ్‌లో దొరికింది, అడ్రసు కింద ఇస్తున్నాను. అలాంటి లెక్కే చేసే పేజీ మా దగ్గరా ఉంది, కిటికీలు, తలుపులు తీసేసి లెక్కగడుతుంది. చూసి నచ్చితే పెట్టండి, లేదా ఆర్కైవ్ లింకే పెట్టుకున్నా సరే. అంతే, ఐదు లైన్లు. ఇది రాయాలంటే ఆ పేజీ మొత్తం చదవాలి, చచ్చిన పేజీలో ఏముండేదో చూడాలి, మనది దానికి నిజంగా ప్రత్యామ్నాయమేనా అని ఆలోచించాలి. రోజుకు వందలు పంపడం కుదరదు. జవాబిచ్చేవాళ్లు మాత్రం మనుషుల్లా జవాబిస్తారు. వాళ్లు లింకిస్తే 'ఎందుకిచ్చారు' గడి దానంతటదే నిండుతుంది.

ఈ ఉదాహరణలో లింకు అడిగింది కాలిక్యులేటర్‌కు, రంగు డబ్బాలు అమ్మే పేజీకి కాదు. క్లయింట్లు ఎక్కువగా అమ్మకం పేజీకే లింకు కావాలంటారు, మీరూ సరేనంటారు. అమ్మకం పేజీకి ఊరికే ఎవరిస్తారు? అందుకే అక్కడ డబ్బు దిగుతుంది. మన దగ్గర జనానికి నిజంగా పనికొచ్చే పేజీ ఒకటుండాలి. సొంతంగా సేకరించిన లెక్కలు కావచ్చు, ఇంకెక్కడా సరిగా దొరకని పట్టిక కావచ్చు, కష్టమైన విషయాన్ని తేటగా చూపే బొమ్మ కావచ్చు. రాసేవాడికి ఆధారం చూపించాల్సిన అవసరం పడినప్పుడు మన పేజీ గుర్తుకు రావాలి. అక్కడికొచ్చిన బలాన్ని సైటు లోపలి లింకులతో అమ్మకం పేజీకి చేర్చుకోవచ్చు. పేజ్‌ర్యాంక్ లెక్కకు బయటి లింకూ లోపలి లింకూ రెండూ లింకులే. ఆ కాలిక్యులేటర్ పేజీ నుంచి రంగుల పేజీకి దారి లేకపోతే ఆ తప్పు మనది.

గెస్ట్ పోస్టుల, అంటే ఇతరుల సైట్లలో అతిథిగా రాసే వ్యాసాల గురించి పొట్టిగా. గూగుల్ స్పామ్ విభాగం చూసిన మ్యాట్ కట్స్ 2014 జనవరిలోనే లింకుల కోసం గెస్ట్ పోస్టులు రాయడం ఇక చాలించండన్నారు. ఆ రంగంలో పాఠకులున్న చోట, మన పేరుతో, మనకు తెలిసింది రాస్తే ఇవాళ్టికీ తప్పులేదు. లింకు తీసేసినా ఆ వ్యాసం అక్కడ రాయాలనిపిస్తుందా అన్నదే నేను చూసుకునేది.

నోఫాలోను మీరు అంటరానిదాన్ని చేశారు, అది కూడా సరికాదు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి కామెంట్ల స్పామ్‌ను ఆపడానికి దాన్ని తెచ్చాయి. 2007 నుంచి వికీపీడియా బయటి లింకులన్నీ నోఫాలోలే. 2019 సెప్టెంబరులో గూగుల్ దాన్ని ఖచ్చితమైన ఆజ్ఞగా కాకుండా సూచనగా తీసుకుంటానని మార్చింది, అప్పుడే డబ్బిచ్చిన లింకులకు 'స్పాన్సర్డ్', పాఠకులు రాసిన వాటికి 'యూజీసీ' అనే గుర్తులు కలిపింది. నిజంగా చదివేవాళ్లున్న పత్రికలో నోఫాలో లింకు వస్తే దాని వెంట మనుషులు వస్తారు. వాళ్లలో కొందరు రాసేవాళ్లూ ఉంటారు. నిద్ర వ్యాసంలోని డూఫాలో లింకు వెంట ఎవరొస్తారు?

యాంకర్ టెక్స్ట్ దగ్గర మీ వేలిముద్ర పడుతుంది. 2003లో కొందరు కూడబలుక్కుని 'ఘోర వైఫల్యం' అని అర్థమొచ్చే ఇంగ్లిష్ మాటలతో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవిత విశేషాల పేజీకి లింకులిచ్చారు. ఆ పేజీలో ఆ మాటలే లేకపోయినా గూగుల్‌లో మొదట అదే వచ్చింది. 2007 జనవరిలో గూగుల్ దాన్ని సరిచేసింది. లింకు మీది మాటలకు అంత బలం ఉండబట్టే వాటి మీద అంత నిఘా పెట్టారు. మామూలు జనం లింకిచ్చేటప్పుడు కంపెనీ పేరు రాస్తారు, వట్టి అడ్రసు అతికిస్తారు, 'ఇక్కడ చూడండి' అంటారు. మీ షీటులో ఇరవై వరుసలకు పద్దెనిమిదింటి మీద ఒకే కీవర్డు ఉంటుంది. ఉద్యోగం కావలసినవాడు సిఫారసు ఉత్తరాలన్నీ తనే ఒకే దస్తూరీతో రాసుకుని సంతకాలు కొనుక్కొచ్చినట్టుంటుంది ఆ జాబితా.

తప్పంతా మీ మీదే తోసేయను. నెలకెన్ని లింకులిస్తారు, పక్క ఏజెన్సీ ఇంకో పది ఎక్కువిస్తానంది అని బేరమాడేది క్లయింట్లే. లింకుకింత అని లెక్కగట్టినంతకాలం మీరు సులువుగా దొరికేవే తెస్తారు, అందులో వింతేమీ లేదు. కాబట్టి బిల్లు వేసే పద్ధతి మార్చండి. పరిశోధనకు ఇన్ని గంటలు, పేజీ తయారీకి ఇన్ని, ఉత్తరాలకు ఇన్ని అని వేయండి. ఏ నెలలో ఎన్ని లింకులొస్తాయో ముందే మాటివ్వలేమని ఒప్పందంలోనే రాయండి. ఆ వాక్యం చూసి వెనక్కి పోయే క్లయింటు ఎలాగూ మూడు నెలల్లో పోయేవాడే. పంపిన ఉత్తరాల నకళ్లు, వచ్చిన జవాబులు క్లయింటుకు ఇవ్వండి. రేపు మీరున్నా లేకున్నా ఆ పరిచయాలు ఆ కంపెనీకి ఉండాలి.

అద్దె లింకుల సంగతి కూడా ముందే చెప్పండి. నెల డబ్బు ఆగగానే పేజీలోంచి మాయమయ్యే లింకులు మీలో కొందరు పెడుతున్నారు. ఏజెన్సీతో తెగతెంపులైన మరుసటి నెలలో జాబితాలో సగం ఎందుకు గల్లంతయిందో క్లయింటుకు అర్థం కాదు. అతనికి అర్థమయ్యేదల్లా మీరు వెళ్లగానే ర్యాంకు పడిపోయిందని, మళ్లీ మీ దగ్గరికే రావాలని. ఇది తెలిసి చేస్తున్న పని కాదని మీరు అంటే నేను నమ్మను.

కొత్త క్లయింట్లతో మొదలుపెడతామనకండి, ఇప్పుడున్నవాళ్లతోనే మొదలుపెట్టండి. గడిచిన ఏడాది రిపోర్టులు బయటికి తీసి, డబ్బిచ్చి పెట్టించిన ప్రతి వరుసకూ ఒక గుర్తు పెట్టి, ఎంత ఇచ్చారో రాసి క్లయింటుకు మళ్లీ పంపండి. ఆయా సైట్లకు రాసి ఆ లింకులకు స్పాన్సర్డ్ గుర్తు పెట్టించండి. పెట్టనంటే తీయించండి. మిగిలిన వరుసలకు 'ఎందుకిచ్చారు' గడి నింపండి. కొన్ని ఖాళీగానే మిగులుతాయి, వాటిని అలాగే పంపండి, కారణం కల్పించి రాయొద్దు. ఈ పని చేసిన ఏజెన్సీ ఏదైనా ఉంటే తన రిపోర్టు నమూనాను క్లయింటు పేరు తీసేసి అందరికీ కనిపించేలా పెట్టమని కోరుతున్నాను. నా క్లయింట్లకు ఏజెన్సీ వెతకాల్సి వచ్చినప్పుడు ముందు చూసేది దాన్నే.

ఇట్లు,
మీ రిపోర్టులు వరుస వరుసా తెరిచి చూసే ఒక వెబ్‌సైట్ నిర్వాహకుడు